గోడ మీద ఎవరి పేరు?



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెడికల్ షాపులు చూడండి. గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఉంటది, కొన్నిచోట్ల ఆ మనిషే ఉండడు. మందులిచ్చేది ఏజెన్సీ నుంచి వచ్చిన మన తమ్ముడు. డాక్టర్ రాత మనకు అర్థం కాదుగానీ వాడు గడగడా చదువుతడు!

కానీ 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, చీటీ మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. తనిఖీ వస్తే ముందు పోయేది తమ్ముడి కొలువు. పదేళ్లు కౌంటర్లో నిలబడ్డా ఆ అనుభవంతో రిజిస్ట్రేషన్ రాదు. రెండేళ్ల డి.ఫార్మసీ, పైన 500 గంటల ట్రైనింగ్ కావాలి. దానికి ఇంటర్లో సైన్స్ చదివుండాలి. మన గూడేల్లో చాలామంది ఆగిపోయేది అక్కడే.

ఎంపీసీ, బైపీసీ పాసైనోళ్లు మెమో, కుల ధ్రువపత్రం తెచ్చుకోండి. మీటింగ్ అయినంక కూర్చుని ఫారం నింపుదాం.