కృష్ణమ్మ మీది పాత పడవలు – మన ఫోటోలు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోటోలు తీయడం నాకున్న పాత వ్యసనమని కార్యదర్శిగారికి తెలుసు. అందుకని ఆ విషయం మీదనే నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఎంచుకున్నది ఒకే ఒక చిన్న విషయం: మన కృష్ణానది మీద తిరిగే పాత పడవలను ఫోటో తీయడం. ఇది కాలక్షేపం కబురు కాదని, మన వయసు వాళ్ళు పూనుకుంటే తప్ప జరగని పని అని మనవి చేయడమే నా ఉద్దేశం.

ముందుగా దూరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాను. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ 1861లో కట్టిన 'మేఫ్లవర్' అనే ఆవిరి పడవ ఒకటి నేటికీ ఉన్నది. దానిని టగ్గు అంటారు. పెద్ద ఓడలను తాడు కట్టి లాక్కుపోవడం దాని పని. ఉద్యోగ విరమణ చేసిన తర్వాత దానిని తుక్కు కింద అమ్మేయకుండా, బాగుచేయించి మ్యూజియం వారు కాపాడుతున్నారు. చూడవచ్చినవారు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఇనుప పడవ కనుక నూట అరవై ఏళ్ళు దాటినా నిలిచింది.

మరి మన పుట్టి సంగతి ఏమిటి? వెదురు బద్దలతో గుండ్రంగా బుట్టలాగా అల్లి, వెనకటికి పైన తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగి, తారు పూసి నీళ్ళలో వేస్తారు. దాని ఆయుష్షు ఎంత? నాలుగు వానాకాలాలు గడిస్తే వెదురు చీకిపోతుంది. కానీ ఆ అల్లిక మాత్రం చాలా పాతది. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, అక్కడి ఏటిలో బుట్టల వంటి గుండ్రని పడవల మీద జనం దాటడం చూసి రాసిపెట్టాడు. పైన తోలు కప్పి ఉంటుందనీ, పదిహేను ఇరవై మంది పడతారనీ, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తారనీ చెప్పాడు. ఆ ఏరు తుంగభద్ర. అదే మన ఆలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది. అంటే ఐదువందల ఏళ్ళనాడు ఆ పరదేశి చూసిన పడవే, కొద్ది మార్పులతో, మన జూరాల దిగువన చేపలు పట్టేవారి చేతిలో ఉన్నదన్నమాట.

టగ్గును మ్యూజియంలో పెట్టవచ్చు, పుట్టిని పెట్టినా నిలవదు. నిలిచేది దానిని అల్లే చేతుల పనితనం, నడిపేవాడి తెడ్డు మెళకువ. అవి పోకుండా పట్టి ఉంచే సాధనాల్లో మనకు అందుబాటులో ఉన్నది ఫోటో. పుట్టికి మ్యూజియం అంటే ఫోటోయే అని నా అభిప్రాయం.

ఇక్కడున్న మనలో చాలామందికి పుట్టి బొమ్మలో చూసిన వస్తువు కాదు. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లాలు కావడానికి ముందు, అంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లాగా ఉన్న రోజుల్లో, ఎన్నికల డ్యూటీ అనీ, జనాభా లెక్కలనీ, వరద డ్యూటీ అనీ ఏరు దాటినవాళ్ళం మనం. గద్వాల మండలంలోని గుర్రంగడ్డకు చుట్టూ కృష్ణే. రెవెన్యూవారైనా, పంతులుగారైనా, నర్సమ్మ అయినా అక్కడికి పుట్టిలోనో పడవలోనో వెళ్ళవలసిందే. కాగితాలు తడవకుండా ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చున్న ఆ ప్రయాణాలు ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఎక్కలేదు.

ఇక శ్రీశైలం ప్రాజెక్టు సంగతి. 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల నాటికి నీరు నిలిచి, కృష్ణకు రెండు వైపులా వంద దాకా గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. జటప్రోలు, సోమశిల ఆలయాలు కూడా అలాగే ఎగువకు తరలి వచ్చాయి. ఒక గుడిని ఇలా తరలించాలంటే ముందు దాని కొలతలు, నక్షాలు, ఫోటోలు తయారు కావాలి. ప్రతి రాయికీ ఒక నంబరు పడాలి. ఆ నంబర్ల పుణ్యమే గుడి మళ్ళీ గుడిలాగా నిలబడటం. అయితే ఊళ్ళ రేవులకు, రేవుల్లోని పడవలకు నంబర్లు వేసినవారు లేరు. అవి నీటి కిందికి పోయాయి. ఆనాటి రేవు ఫోటో ఒక్కటైనా మీ ట్రంకు పెట్టెలో ఉంటే, అది తిరిగి తీయడానికి వీలులేని ఫోటో అని గుర్తించండి.

పాత పడవలే ముద్దు, వంతెనలు వద్దు అని నేను చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖం తెలిసినవారెవరూ వంతెన వద్దనరు. సోమశిల–సిద్దేశ్వరం మధ్య వంతెనకు 2022లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. వంతెన రావాలి, గర్భిణీ స్త్రీ, రోగి, బడిపిల్లవాడు భయం లేకుండా దాటాలి. కాకపోతే వంతెన వచ్చిన చోట రేవు ఖాళీ అవుతుంది. బీచుపల్లి దగ్గర రహదారి వంతెన మీద బస్సులో పోతూ, కింద ఒకనాడు రేవు ఉండేదని తలచుకునేవారు ఎందరు? సోమశిలకు ఆ గతి పట్టక మునుపే మన పని మనం చేయాలి.

ఇప్పుడు ఎలా తీయాలో నాకు తెలిసినంత చెబుతాను. నీటి మీద ఎండ పడితే మెరుపు ఎక్కువ. కెమెరా అయినా, మనుమడి చేతిలోని సెల్‌ఫోను అయినా, ఆ మెరుపుకు మోసపోయి పడవను నల్లముద్ద చేస్తుంది. కాబట్టి ఉదయం ఎనిమిది లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత, సూర్యుడిని వీపు వైపు పెట్టుకుని తీయండి. సెల్‌ఫోను అయితే తెర మీద పడవ ఉన్నచోట వేలితో తాకండి, వెలుతురు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒడ్డున ఎత్తులో నిలబడి ఒకటి తీయండి, లోపలి అల్లిక కనిపిస్తుంది. నీటి మట్టానికి వంగి మరొకటి తీయండి, అంచు ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. పక్కన ఒక మనిషిని నిలబెడితే కొలత దానంతట అదే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అందమైన సూర్యాస్తమయంతో తృప్తి పడకండి. బద్దలు చీల్చడం, అడుగు అల్లడం, తారు కాచడం, తెడ్డు పట్టిన చేయి, చిరుగుకు వేసిన మాసిక, ఇవన్నీ వరుసగా తీయండి. పుట్టి నడిపే బెస్తవారిని ముందుగా అడిగి, వారు సరేనంటేనే తీయండి. ఒక ప్రతి వారికి ఇవ్వడం మర్యాద. పుట్టిలో ఎక్కితే లైఫ్ జాకెట్టు తప్పనిసరి. లేచి నిలబడి ఫోటో తీయడం ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు. గుండ్రని పడవకు ఒక పక్క బరువు పడితే చాలు.

సోమశిలలో ఇంకొక విశేషం ఉంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వరద వచ్చి ఆ మట్టానికి చేరినప్పుడు నీరు రేవు దాకా వస్తుంది. ఎండాకాలంలో వెనక్కు తగ్గి మునిగిన నేల బయటపడుతుంది, ఆవలి వైపు సంగమేశ్వరం గుడి కనిపిస్తుంది. పడవ నిలిచే చోటు నీటితో పాటు జరుగుతూ ఉంటుంది. అందుచేత ఒకే చోట నిలబడి సెప్టెంబరులో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి తీసి పక్కపక్కన పెట్టండి. మీ మనుమలకు ప్రాజెక్టు అంటే ఏమిటో ఒక్క చూపులో అర్థమవుతుంది.

చివరగా, మన ఉద్యోగులకు చెప్పనక్కరలేని సంగతి: తేదీ, సంతకం లేని కాగితానికి విలువ లేదు. ఫోటోకూ అంతే. ఏ రేవు, ఏ తేదీ, ఎవరి పడవ, ఎవరు అల్లారు, నీరు ఎంత ఉంది, ఈ ఐదు వివరాలు లేని ఫోటో మూగది. కాగితం ఫోటో అయితే వెనక వైపు మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అచ్చు ముందుకు తేలుతుంది. పాత నెగటివులను తేమ తగలని చోట ఉంచండి. సెల్‌ఫోను ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంటు రూపంలో పంపి, అసలును వేరొక చోట కూడా భద్రపరచండి.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే సమావేశానికి ప్రతి సభ్యుడు ఒక్క ఫోటో, పాతదైనా కొత్తదైనా, ఆ ఐదు వివరాలతో తీసుకురావాలి. వరుస నంబరు వేసి ఒక రిజిస్టరులో ఎక్కిద్దాం. రాయి రాయికీ నంబరు వేసినందుకే గుడులు మిగిలాయి. పడవలకు నంబరు వేయగలిగిన వాళ్ళం, వాటిలో కూర్చుని ఏరు దాటిన మనమే. మన తర్వాత వచ్చేవారికి ఆ రేవు ఎక్కడుండేదో కూడా తెలియదు.