మనమీదనే అంత బాగుగా ఆడిరేమి?

(గడ్‌చాందూరులో మన పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో చదువును గురించి మాటలాడుట ఆచారము. ఆ పనిని ప్రధానోపాధ్యాయులు తమ నివేదికలో చక్కగా నెరవేర్చిరి. మేము ఫుట్‌బాలును గురించి నాలుగు మాటలు చెప్పుటకు మీ అనుమతి వేడుచున్నాము. ఏలయన, ఈ యేడు మన పిల్లలు ఓడిపోయిన ఒక పందెమును గూర్చి ఊరిలో ఇంకను మాటలు సాగుచున్నవి. మా చెవిని పడినవాటిలో పెక్కు పిల్లలవి కావు, పెద్దలవే.

జరిగినది మీరెరుగుదురు. సిమెంటు కర్మాగారములో పని ముగించుకొని తిన్నగా మైదానమునకు వచ్చి చూచినవారును మీలో కొందరున్నారు. పొరుగూరి జట్టులో పేరుపడిన ఆటగాడు ఒక్కడును లేడు. వారి గోల్‌కీపరు బక్కపలుచని బాలుడు. కాళ్లకు బూట్లైనను లేవు. మనవారు బంతిని ఎన్నిమారులు కొట్టినను వాడు పడియు లేచియు ఆపుచునే యుండెను. తుదకు వారు ఒక్క గోలు చేసి, గెలిచి వెడలిపోయిరి. ముఖములు వ్రేలవైచుకొని ఇంటికి వచ్చిన పిల్లలతో మనమేమంటిమి? "ఆ దినము వానికేదో పూనినది. మరెవ్వరిమీదను వాడట్లు ఆడడు, మనమీదనే ఆడును" అంటిమి. మేమును అట్లే అంటిమి, దాచుకొనుట యేల?

తరువాత రాత్రి ఆలోచించుకొనగా మాకొక సంగతి తట్టినది. వాడు ఇతరులమీద ఎట్లాడునో మనమెన్నడు చూచితిమి? మనతో ఆడిన ఆ గంటసేపు తప్ప వాని ఆట మనకు తెలియదు. తెలియనివానిని సామాన్యుడని మనమే నిశ్చయించి, వాడు బాగుగా ఆడగానే మనమే ఆశ్చర్యపడితిమి. పైగా గోల్‌కీపరు గొప్పతనము కనబడవలెనన్న బంతి వానివైపు పోవలెను గదా! మన పిల్లలు అన్నిమారులు కొట్టిరి గనుకనే వాడు అన్నిమారులు ఆపగలిగెను.

ఈ ఆశ్చర్యము మనకు మాత్రమే కలిగినది కాదు. 1950 జూన్ 29వ తేదీన బ్రెజిలు దేశమందలి బెలో హొరిజాంటె నగరమున ప్రపంచకప్పు పోటీలో ఇంగ్లండువారికిని కలిగినది. వారి జట్టులో బిల్లీ రైట్, టామ్ ఫిన్నీ వంటి ఉద్దండులుండిరి. ఎదుట నిలిచినవారు అమెరికనులు. గోల్‌కీపరు ఫ్రాంక్ బోర్గీ తన ఊరిలో శవవాహనము నడుపువాడు. జో గేట్జెన్స్ హైతీనుండి చదువుకొనుటకు వచ్చి, భోజనశాలలో పాత్రలు కడిగి పొట్టపోసికొనువాడు. ఆ గేట్జెన్స్ 38వ నిమిషమున తలతో గోలు చేసెను. తక్కిన పని బోర్గీ చూచుకొనెను. ఇంగ్లండు 0–1తో ఓడెను. ఆ పోటీలో అమెరికా తక్కిన రెండు పందెములును ఓడినది గనుక ఇది ఒక్కనాటి వెలుగే యని అనువారు అనవచ్చును. కాని అంతకు నాలుగు దినముల ముందు స్పెయినుతో ఆడినప్పుడు వారు 80వ నిమిషము వరకు 1–0తో ముందుండి, చివర పది నిమిషములలో మూడు గోలులిచ్చి ఓడిరి. ఆ ఎనుబది నిమిషములను ఎవరైన తలచియుండిన, ఇంగ్లండు ఓటమి అంత వింతగా తోచియుండదు.

ఇక ఇదే కథను ఎదుటి గట్టుననుండి చూతము. ఇది మన ఇంటి కథ. మన గడ్‌చాందూరు ప్రాంతము, అనగా నాటి రాజూరా తాలూకా, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ హైదరాబాదు నగరమున సయ్యద్ అబ్దుల్ రహీం అను బడిపంతులు ఒకరుండిరి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులై, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును వారిచే గెలిపించిరి. బలహీనమైన కాలితోనే ఆడవలెననియు, బంతిని కాళ్లలో త్రిప్పుకొనక తోటివానికి అందింపవలెననియు నియమములు పెట్టి ఆయన ప్రత్యేకముగా పోటీలు నడిపెడివారు. దారిని పోవువాడు ఒక క్షణము నిలిచి చూచిన, ఇదేమి చేతగాని ఆట అనుకొనియుండును.

1952లో హెల్సింకీ ఒలింపిక్ పోటీలలో ఆయన తీసికొనిపోయిన భారతజట్టు యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడినది. నాలుగేండ్లకు అదే శిక్షకులు మెల్‌బోర్నునకు జట్టును కొనిపోయిరి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివారే. పది గోలులతో ఓడిన దేశమును చూచి ఆస్ట్రేలియనులు బెదరిపోవుటకు కారణమేమున్నది? డిసెంబరు 1వ తేదీన వారి సొంత గడ్డమీద భారతము 4–2తో గెలిచెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియావాడొకడు ఆ పని చేయుట అదే మొదలు. ఇది గాలివాటు గెలుపనుకొన్నవారికి పదునొకండు దినములకే సమాధానము దొరికినది. డిసెంబరు 12న సిడ్నీలో ఆ రెండు దేశములును మరల ఆడినవి. భారతము 7–1తో గెలిచినది.

అయ్యలారా, అమ్మలారా, ఇదంతయు ఏల చెప్పుచున్నామనగా: మన పిల్లలు తెలుగు మాధ్యమమున చదువుచు, మరాఠీ సీమలో పెరుగుచున్నారు. జిల్లా పోటీలకు గాని, పై కళాశాలలకు గాని పోయినప్పుడు, "ఆ చిన్న బడి పిల్లలా?" అని ముందుగానే తీర్మానించుకొనువారు వారికి తప్పక ఎదురగుదురు. అక్కడ వారు మిన్నగా రాణించిన దినమున, "ఏదో పూనినది" అను మాట వారి చెవిని కూడ పడును. పదేండ్ల శ్రమను ఒక్క మాటతో అదృష్టమునకు అంటగట్టుదురు. ఆ బక్క బాలుని విషయమున మనము చేసినదియు అదియే. మన యింటి పిల్లలు పక్కనే నిలబడి విన్నారు.

మన జట్టు నాయకుడు మాత్రము మనవలె ఊరకుండలేదు. సంత దినమున ఆ బాలుని కలిసి, ఎట్లు నేర్చితివని అడిగెనట. ప్రతి సాయంకాలము ఇటుక గోడకు బంతిని కొట్టి, తిరిగివచ్చినదానిని పట్టుచుందుననియు, బంతి చినిగిన దినములలో గుడ్డ ఉండతోనే పట్టుదుననియు వాడు చెప్పెనట. ఆ మరునాటినుండి మన బడి వెనుక గోడకు సున్నము నిలుచుట లేదని ప్రధానోపాధ్యాయులు మాతో మొరపెట్టుకొనుచున్నారు.

ఆ పొరుగూరి జట్టును వచ్చే నెల మన మైదానమునకు పిలిచితిమి, వారు సమ్మతించిరి. మీరందరును వచ్చి, మనవారి వెనుక గాక, ఒక అరగంటసేపైనను ఆ బాలుడు కాచు గోలు వెనుక నిలిచి చూడవలెనని కోరుచున్నాము.