నాలుగున్నర తర్వాత బడి

(మండల కేంద్రంలో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ఇక్కడ ఒకటే ముచ్చట నడుస్తున్నది. లాటరీల ఎవరి బిడ్డకు సీటొస్తది, ఎవరికి రాదు. కులం సర్టిఫికెటు ఉన్నదా, ఆదాయం సర్టిఫికెటు ఎమ్మార్వో ఆఫీసుల ఆగిందా. ఆ కాగితాలు అవసరమే. వాటి సంగతి నా తర్వాత మాట్లాడే తమ్ముడు చెప్తడు. నేను మాత్రం సీటొచ్చినంక ఏమైతదో చెప్పడానికి లేచిన. ఎందుకంటే మా ఇంట్ల సీటొచ్చింది.

మా అన్న బిడ్డకు. బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం కింద ఒకటో తరగతిల డే స్కాలర్ సీటు. కలెక్టరాఫీసుల చీటీ తీసి పేరు చదివితే మా వదిన అక్కడనే ఏడ్చింది. బడి పేరు చెప్పను, అది ఆ ఒక్క బడి కథ కాదు. రోడ్డు పక్కన మూడంతస్తుల బిల్డింగు, వెనక హాస్టలు. పగలు చదివి ఇంటికి పొయ్యేటోళ్లూ, అక్కడనే ఉండి చదివేటోళ్లూ ఒకటే గేటుల నుంచి పోతరు.

కాని అవి రెండు బళ్లు. అది తెలవడానికి మాకు మూడేండ్లు పట్టింది.

పొద్దుగాల తొమ్మిదింటి నుంచి నాలుగున్నర దాకా అందరికీ ఒకే పాఠం, ఒకే టీచరు. అబద్ధమెందుకు చెప్పాలె? నాలుగున్నరకు బస్సు హారన్ కొడుతది, మా బిడ్డ బస్సెక్కుతది. లోపల మిగిలిన పిల్లలకు పాలు, బిస్కెట్లు, గంట సేపు ఆట. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా స్టడీ అవరు. తెల్లారి బడి మొదలుగాక ముందు ఇంకో గంట. స్టడీ అవరంటే పుస్తకం ముందర పెట్టుకొని కునికిపాట్లు పడుడు అనుకున్న నేను. కాదు. లెక్కల సారు అక్కడనే ఉంటడు. పగలు అర్థం గానిది అప్పుడు అడుగుతరు. రేపటి పరీక్షల వచ్చే లెక్కలు అప్పుడే చేయిస్తరు. మా బిడ్డ ఒకనాడు అన్నది: "చిన్నాయినా, హాస్టలోళ్లకు అన్నీ ముందే తెలుస్తయి."

బిడ్డ ఇల్లు చేరేసరికి ఆరు దాటుతది. మా అన్న మేస్త్రీ పని నుంచి అప్పుడే వస్తడు. వదిన పత్తి ఏరి వచ్చి పొయ్యి ముట్టిస్తది. ఇంగ్లీషుల రాసిచ్చిన హోంవర్కు ఎవరు చెప్పాలె? ప్రోగ్రెస్ కార్డు మీద 'వీక్' అని రాసిండ్రు. మా వదినను పిలిపించి, "ఇంట్ల చదివిపించుకోవాలె గదమ్మా" అన్నరు. ఆమె తల ఊపి వచ్చింది. ఆ మాటకు నాకు ఇప్పటికీ కడుపు మండుతది. బిడ్డది తక్కువ తెలివి అనుకొని రెండుసార్లు కొట్టిండు మా అన్న. అది ఇంకా పెద్ద బాధ.

లెక్క చూడండి. రోజుకు మూడున్నర గంటలు. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు. అంటే ఏడు వందల గంటలు. అన్నం వేళ తీసేసి బడి దినం ఏడు గంటలనుకుంటే, పక్క బల్ల మీద పిల్లకన్న మా బిడ్డ ఏడాదికి నూరు దినాలు తక్కువ చదివింది. అయినా మార్కుల కాడ ఇద్దరినీ ఒకే తక్కెడల తూచిండ్రు. దాని పేరే మెరిట్!

ఉండి చదువుకునుడు విలువ పెద్దోళ్లకు ఎప్పుడో తెలుసు. 1923ల హైదరాబాదుల నిజాం జాగీర్దార్ల కొడుకుల కోసం జాగీర్దార్ కాలేజీ పెట్టించిండు. ఇంగ్లండుల దొరల పిల్లలు చదివే బళ్ల తీరుగ. 1949ల జాగీర్లు పోయినయి గని బడి పోలేదు. అదే ఇప్పటి బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు. డే స్కాలర్లూ, హాస్టలోళ్లూ ఇద్దరూ ఉన్న బడి అది.

బాబాసాహెబ్‌కూ తెలుసు. 1924ల బహిష్కృత హితకారిణి సభ పెట్టిండు. మరుసటేడు, 1925ల, ఆ సభ షోలాపూరుల మన పిల్లలకు హాస్టలు తెరిచింది. బడిల పేరు రాయించుడు ఒక్కటే సరిపోదు, సాయంత్రం పిల్లగానికి దీపం, అన్నం, పక్కన చదువుకునే ఇంకో పిల్లగాడు కావాలని తెలిసినోడు గనుకనే. ఆయన బడిల గోనెపట్టా మీద వేరుగ కూసొని చదివినోడు, మర్చిపోవద్దు.

ఇగ చట్టానికొస్త. విద్యాహక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. 12వ సెక్షను ప్రకారం ప్రయివేటు బడులు ఒకటో తరగతిల కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉన్న అణగారిన, పేద పిల్లలకు ఇయ్యాలె. ఎనిమిదో తరగతి దాకా ఫీజు అడగొద్దు. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు పోయినయి. 2012 ఏప్రిల్ 12న తీర్పొచ్చింది, సెక్షను నిలబడ్డది. సర్కారు సాయం తీసుకోని మైనారిటీ బళ్లను మాత్రం తప్పించిండ్రు. మనం చప్పట్లు కొట్టినం. అదే తీర్పుల ఇంకో ముక్క ఉన్నది, దాన్ని చాలామంది చదవలె. బోర్డింగు బళ్లల్ల పగలు వచ్చి పొయ్యేటోళ్లు, ఉండి చదివేటోళ్లు ఇద్దరుంటరు, ఈ చట్టం పగటి పిల్లలకే గని ఉండేటోళ్లకు వర్తించదు అని. నాలుగున్నర దాకా హక్కు, ఆ తర్వాత లేదు! ఆ సగం హక్కు కూడా రెండు తెలుగు రాష్ట్రాలల్ల ఏండ్ల తరబడి కాగితం మీదనే పడి ఉండె.

మరి బెస్ట్ అవైలబుల్ పథకంల ఐదో తరగతి నుంచి హాస్టలు సీటు ఉన్నది గద అంటరు. ఉన్నది. అది చట్టం ఇచ్చిన హక్కు కాదు, సర్కారు బిల్లు మీద బతికే సీటు. 2025 అక్టోబరుల ఏమైంది? దసరా సెలవులకు ఇండ్లకొచ్చిన పిల్లలు పెట్టెలు పట్టుకొని వాపస్ పోతే, సర్కారు బకాయిలు కట్టలేదని చాలా బళ్లు లోపలికి రానియ్యలె. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొని కలెక్టరేట్ల ముందర కూసున్నరు. సర్కారుకూ యాజమాన్యానికీ లెక్క తేలకపోతే నడుమ మన పిల్లగాడు రోడ్డు మీద నిలబడాల్నా?

మనోళ్లల్ల కొందరు, "వాళ్ల బడి మనకెందుకు, గురుకులాలు లేవా?" అంటున్నరు. ఆ మాటను నేను తేలికగ తీసెయ్య. నేను సర్కారు హాస్టలు అన్నం తిని చదివినోన్నే. పురుగుల బియ్యం, ఒక్క బల్బు. కాని నాలుగున్నరకు మమ్మల్ని ఎవ్వరూ వెళ్లగొట్టలె. పదో తరగతి అన్నలు మాకు లెక్కలు చెప్పిండ్రు, మేం కిందోళ్లకు చెప్పినం. నేను నేర్సుకున్నది సగం ఆ వరండాలనే. గురుకులం కావాలె, ఇంకా కావాలె. దాని కోసం ఈ గేటు వదులుకోవాలంటే మాత్రం ఒప్పుకోను.

కాబట్టి సీటొచ్చిన ఇంటోళ్లు ఫోటోలు దిగి ఊకోవద్దు. మొదటి వారమే బడికి పోయి స్టడీ అవరు ఎన్నింటికి, అందుల ఏం చెప్తరు, మా బిడ్డను ఎందుకు కూసోపెట్టరు అని అడగండి. 25 శాతం కింద చేరిన పిల్లలకు వేరే చోట, వేరే వేళల పాఠం చెప్పొద్దని, లైబ్రరీల, ఆటలల్ల తేడా చూపొద్దని కేంద్రం ఇచ్చిన మాదిరి నిబంధనలల్ల ఉన్నది. ఆ నిబంధన మన పథకం పిల్లలకు రాసింది కాదంటరు. అననియ్యండి. పరీక్షకొచ్చే లెక్కలు చెప్పే గంట పాఠం గాకపోతే ఇంకేందని నిలదీయండి. ఏడింటి దాకా కూసోపెట్టి రెండో బస్సు నడపమనండి. ఒక్కరు పోతే ఫీజు మినహాయింపు పిల్ల తల్లి అని చిన్నచూపు చూస్తరు, పది మంది పోతే కుర్చీ వేస్తరు.

అప్పటిదాకా మన వాడల అంబేద్కర్ భవనం తాళం తియ్యాలె. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు పదకొండు మంది ఉన్నరు, నేను లెక్కపెట్టిన. రోజుకిద్దరు ఆరు నుంచి ఎనిమిది దాకా కూసుంటే చాలు. కరెంటు బిల్లు సంఘం కడుతది. తాళంచెవి సర్పంచి ఇంట్ల ఉన్నది. ఈ సభ అయిపోంగనే ఆ ఇంటికి పోతున్నం, ఎవరెవరు వస్తరో చేతులెత్తండి.