వేసవిలో చెత్తయు నిప్పును

వైశాఖమాసపు టెండలకు బీళ్లలోని గడ్డి యెండి, నిప్పురవ్వ సోకినంతనే భగ్గుమను ఈ దినములలో, శంషాబాదు పరిసరగ్రామములందు ఇంటి చెత్తను కుప్పవోసి అగ్గిపుల్ల గీయుట మిక్కిలి ప్రమాదకరము. 2008లో ఇచ్చట విమానాశ్రయము వెలసినది మొదలు ఈ జాగరూకత ద్విగుణముగా ఆవశ్యకమైనది. ఏలయన దట్టమైన పొగ వైమానికుల దృష్టికి అడ్డుపడును, మాంసపు వ్యర్థములకు మూగిన గ్రద్దలు విమానములకు తగులును. అందుచేతనే విమాన నియమావళి, విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల చెత్త పారవేయుటను నిషేధించినది. బహిరంగముగా చెత్త తగులబెట్టువారికి 5,000 రూపాయల జరిమానా విధింపవలెనని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించినది. పొయ్యి బూడిదను నీటితో బాగుగా తడిపి మరి పారవేయుడు. పాత ఫోను బ్యాటరీని చెత్తబండిలో కలుపనే వలదు. నలిగినచో అది తనంతట తానే రాజుకొనవచ్చును. మంట కనబడినచో తక్షణమే 101కు ఫోను చేయుడు.