విద్యుత్తు బండికి చార్జింగు: ఇంటివద్దనా, పట్టణములోనా?
(గోదావరిఖని ప్రాంత రైతుల కొరకు ప్రసంగ పాఠము)



రామగుండము చుట్టుప్రక్కల గ్రామములవారికి కరెంటు క్రొత్త కాదు. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు కలిసి ఇచ్చటనే విద్యుచ్ఛక్తి తయారగుచున్నది. కాని బండికి కరెంటు ఎక్కించుట మనకు క్రొత్త పని. గోదావరిఖనికి పాలు, కూరగాయలు చేరవేయుటకు విద్యుత్తు స్కూటరు కొనదలచినవారు, చార్జింగు ఎక్కడ పెట్టవలెనో ముందే తేల్చుకొనవలెను.

ఎడ్లకు ఇంటివద్ద మేత వేసి, దూరప్రయాణములో మాత్రమే దారిలో గడ్డి కొనుట మనకు తెలిసినదే. ఇదియు అట్టిదే. ఇంటి కనెక్షను నుండి బండికి చార్జింగు పెట్టుకొనవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరి మార్గదర్శకములలో తెలిపినది. పట్టణ కేంద్రములో కరెంటు ధరకు సేవా రుసుము, దానిపై 18 శాతము పన్ను కలియును. అచ్చటి ప్లగ్గు మీ బండికి సరిపడునో లేదో కూడ చూచుకొనవలెను.

అయితే ఇంటి లెక్క మరువరాదు. 3 యూనిట్ల బ్యాటరీ నిండుటకు నష్టముతో కలిపి సుమారు 3.5 యూనిట్లు పట్టును. దినము విడిచి దినము పెట్టినచో నెలకు 52 యూనిట్లు. 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద అర్హులైన కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అది దాటిన నెలలో బిల్లు మొత్తము కట్టవలెను. ఇంటి వాడకము 140 యూనిట్లయినచో బండితో 192, భయము లేదు. 160 అయినచో 212 అగును. బిల్లు వెయ్యి రూపాయలు దాటును. అట్టి నెలలో నాలుగుసార్లు పట్టణములో చార్జింగు పెట్టుకొన్నచో 200 లోపలనే నిలుచును. ఆ ఖర్చు బిల్లుకంటె చాల తక్కువ. కనుక బిల్లు తీసిన ఇరువదవ రోజున మీటరు చూచుకొనుడు.

బావివద్ద మోటారు కరెంటు ఉచితము గదా అని స్టార్టరు పెట్టె నుండి తీగ లాగవలదు. ఆ కరెంటు పంట కొరకు ఇచ్చినది. వేరు పనికి వాడినచో 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద రెట్టింపు రేటున వసూలు చేయుదురు. తడినేలలో, ఎర్తు లేనిచోట అట్టి తీగ ప్రాణము తీయగలదు.

ఇంటివద్ద పాటింపవలసినవి:

1. మీటరు నుండి వేరు తీగతో 16 ఆంపియర్ల మూడు రంధ్రముల సాకెట్టు, మంచి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుడు. సన్నని ఎక్స్‌టెన్షను తీగలు వేడెక్కి కాలును.

2. పత్తి నిలువ, గడ్డివాము దాపున చార్జింగు పెట్టకుడు.

3. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పెట్టక, బ్యాటరీ చల్లారనిండు. మన వేసవిలో రాత్రివేళ మేలు.

4. సామాను ఆటో కొనువారు ముందుగా విద్యుత్ శాఖవారిని కలిసి, ఇంటి లోడు చాలునో లేదో తెలిసికొనుడు.

బండి కొనుటకు ముందే గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు ముందుంచుకొని ఈ లెక్క వేసికొందురని నా మనవి.