వీధి కన్ను – చట్టపు కన్ను



కోలారు బంగారు గనుల కార్మిక వాడలలో బిడ్డను వీధి వీధంతా కనిపెట్టుకొని ఉండేది. తప్పు చేస్తే పొరుగింటి పెద్దయే మందలించేవాడు. 2001లో గనులు మూతపడిన పిమ్మట ఎందరో ఉపాధికై బెంగుళూరుకు, కొందరు విదేశాలకు తరలిపోయారు. పరదేశంలో ఆ వీధి కన్నుకు బదులు చట్టపు కన్ను ఎదురవుతుంది. స్వీడన్ 1979లోనే, నార్వే 1987లో ఇంటిలో సైతం పిల్లలను కొట్టరాదని శాసించాయి. 2012లో ఓస్లో న్యాయస్థానం కుమారుని హింసించిన నేరానికి ఒక తెలుగు దంపతులకు కారాగార శిక్ష విధించగా, ఇక్కడివారు నివ్వెరపోయారు. కాని మన 2009 విద్యాహక్కు చట్టం కూడా బడిలో దండనను నిషేధించినదే.

గనిలో దిగేవానికి భద్రతా నియమం అనుమానం కాదు, ప్రాణరక్ష. బిడ్డ విషయమూ అంతే. దేశాంతరమేగేవారు అక్కడి చట్టాన్ని తెలుసుకొని వెళ్లాలి. ఇక్కడి వీధి మమతను వెంట తీసుకుపోవాలి.