‘చేయడం జరిగింది’ అని రాయకండి

(లక్డీకాపూల్‌లో మహిళా కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్వ్యూకి ఎలా తయారవాలి, రిపోర్టు ఎలా రాయాలి - ఈ రెండూ మాట్లాడమన్నారు. నా దృష్టిలో రెంటికీ ఉన్న జబ్బు ఒకటే.

నిన్న మీరిచ్చిన రిపోర్టులు రాత్రి కూర్చుని చదివాను. ‘గ్రామంలో మహిళలను చైతన్యపరచడం జరిగింది. వినతిపత్రం సమర్పించడం జరిగింది.’ ఎవరు చేశారు? ఎంతమంది వచ్చారు? కాగితం ఎవరి చేతికిచ్చారు, ఏ తారీఖున? ఏదీ లేదు. ఇది ఆఫీసు తెలుగు. బాధ్యుడి పేరు కనపడకుండా ఉండటానికి ఆఫీసులకి పనికొస్తుంది. మనకెందుకు?

ఇలా రాసి చూడండి: ‘పెన్షన్ ఆగిపోయిన 14 మంది ఆడవాళ్ళతో నేను సోమవారం మండలాఫీసుకి వెళ్ళాను. అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. నెల తర్వాత 9 మందికి డబ్బు వచ్చింది, 5 మందికి రాలేదు.’ ఆ ఐదుగురి సంగతి దాచకండి. డబ్బిచ్చే సంస్థ ఏమనుకుంటుందోనని చాలామంది దాస్తారు. మీ తర్వాత ఆ ఊరికి వెళ్ళే అమ్మాయికి ముందు కావలసింది ఆ ఐదుగురి వివరమే.

ఇంటర్వ్యూలోనూ ఇదే ‘జరిగింది’. ‘ఏం పని చేశారమ్మా?’ అంటే, ‘ఏముందండీ, మేడమ్‌గారితో తిరిగాను’ అంటాం. రాత్రి పది దాకా పోలీస్ స్టేషన్‌లో కూర్చుని ఎఫ్.ఐ.ఆర్. రాయించిన మనిషి చెప్పే జవాబిది! వెళ్ళేముందు మీరు చేసిన మూడు పనులు, అంకెలతో, ‘నేను’ అని మొదలుపెట్టి కాగితం మీద రాసుకోండి. పైకి చదువుకోండి. మొదట సిగ్గుగానే ఉంటుంది.

ఇక వాళ్ళడిగే ప్రశ్నలు. పక్కనే నాంపల్లిలో సర్వీస్ కమిషన్ ఉంది. గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకి తెలంగాణ ప్రభుత్వం 2022లో ఇంటర్వ్యూలు తీసేసింది. ప్రైవేటులో, మన సంస్థల్లో అవి పోలేదు. నా మొదటి ఇంటర్వ్యూలో పరిశోధన గురించి రెండు ప్రశ్నలు, పెళ్ళి గురించి నాలుగు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం.

నీరా మాథుర్ కేసు తెలుసుకోండి. 1989లో ఎల్.ఐ.సి.లో చేరింది. ఆఖరి నెలసరి ఎప్పుడు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావమయిందా అని ఫారంలో అడిగారు. ప్రసవానికి సెలవు పెట్టాక, నెలసరి తేదీ తప్పు రాసిందని ఉద్యోగంలోంచి తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది, ఆ ప్రశ్నలు ఫారంలోంచి తొలగించమంది. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు వివక్ష కూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది.

అయినా అడుగుతారు. ‘మీ ఇంట్లో రాత్రిళ్ళు ఊళ్ళో ఉండనిస్తారా?’ అని మన సంస్థలే అడుగుతున్నాయి, నేనూ ఒకసారి అడిగాను. ‘నెలకెన్ని రాత్రులుండాలో చెప్పండి, ఉండగలనో లేదో నేను చెప్తాను’ అనండి. ఆ జవాబుకి ఉద్యోగం పోవచ్చు కూడా, అబద్ధమెందుకు చెప్పాలి. బయటికొచ్చాక మాత్రం ఎవరు, ఏ తారీఖున, ఏ మాటల్లో అడిగారో అదేరోజు రాసిపెట్టుకోండి. రేపు ఫిర్యాదు చేయాలంటే ఆ కాగితమే ఆధారం.

మీ రిపోర్టులు వెనక్కి ఇస్తున్నాను. భోజనాలకి ముందు మొదటి పేజీ తిరగరాయండి.